ట్రాక్‌కే కదా, పాత టైర్లు చాలవా?

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను. ఫ్రీమాంట్‌లో ఉండే కుర్రాడు, నాకు తమ్ముడి లాంటివాడు. పాత కంపెనీలో నా పక్క క్యూబు, ఇప్పుడు నాకన్నా పెద్ద కంపెనీలో నాకన్నా పెద్ద జీతం. "అన్నా, జాక్‌పాట్! క్రెయిగ్స్‌లిస్ట్‌లో నాలుగు టైర్లు, రిమ్ములతో సహా రెండొందల యాభై. ట్రెడ్డు చూస్తే కొత్తవే అనుకో. వచ్చే నెల థండర్‌హిల్‌కి సెట్ అయిపోయింది" అన్నాడు.

"డేట్ కోడ్ ఎంత?" అన్నా.

"అదేంటి?"

ఫోటో తీసి పంపమన్నా. పంపాడు. చివరి నాలుగంకెలు 2214. అంటే 2014లో ఇరవైరెండో వారం. పదేళ్ళు దాటేశాయి. అదే చెప్పా. దానికి వాడన్న మాట ఇది: "రోడ్డు మీద వెయ్యనులే అన్నా. ట్రాక్‌కే కదా!"

ఈ "ట్రాక్‌కే కదా" అన్న మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు. లంచ్ రూముల్లో, పిల్లల బర్త్‌డే పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో కార్ల పిచ్చి ఉన్న మన దేశీలు ప్రతి రెండో వాడూ అంటున్నాడు. పైగా అదేదో పొదుపు చిట్కా లాగా. అందుకే ఈ టపా. కాస్త ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రాక్ డే అంటే రేసు కాదు. మన సొంత కారు రేస్ ట్రాక్ మీదకి తీసుకెళ్ళి, ఫీజు కట్టి, ఇరవై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు తోలుకోవడం. ప్రైజులుండవు, పందెం ఉండదు. కొత్తవాళ్ళకి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. బే ఏరియా వాళ్ళకైతే విల్లోస్ దగ్గరున్న థండర్‌హిల్, మాంటెరే దగ్గరున్న లగూనా సెకా, సొనోమా. ఇండియాలో వాళ్ళకి శ్రీపెరుంబుదూరు దగ్గర మద్రాసు ట్రాకు, కోయంబత్తూరులో కరి, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్.

ఆ నాలుగంకెల సంగతి కూడా చెప్పాలి, మన వృత్తికి సంబంధించిన తమాషా ఒకటుంది అందులో. టైరు పక్క గోడ మీద డి.ఓ.టి. అని మొదలయ్యే వరస చివర్న ఉంటాయివి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000కి ముందు మూడే అంకెలుండేవి, అందులో సంవత్సరానికి ఒక్క అంకే! 236 అంటే 1986లో చేసిందా, 1996లో చేసిందా? తెలీదు. తొంభైల్లో చేసినవని గుర్తుకి కొందరు పక్కన చిన్న త్రికోణం గుర్తు పెట్టేవాళ్ళు. మనలో చాలామందికి అన్నం పెట్టి, వీసా ఇప్పించిన వైటూకే బగ్గు టైర్లలో కూడా ఉండేదన్నమాట :) ఇంకో సంగతి, పూర్తి కోడ్ టైరుకి ఒకవైపే ఉంటుంది. ఆ వైపు లోపలికి తిరిగి ఉంటే కారు కిందకి దూరి చూడాల్సిందే. చాలామంది చూడకపోవడానికి అదొక కారణం.

ఇహ అసలు విషయం. మావాడి వాదనలో ఒక నిజం ముక్క ఉంది, అది ముందే ఒప్పేసుకుంటా. *అరిగిన* టైరు ట్రాక్ మీద కొత్త టైరు కన్నా బాగా పనిచెయ్యచ్చు. ట్రెడ్డు నిండుగా ఉంటే ఆ దిమ్మలు అటూ ఇటూ ఊగుతాయి, ఊగితే వేడెక్కుతాయి, వేడెక్కితే చిరుగుతాయి. అందుకే కొంతమంది రేసర్లు కొత్త టైర్లు కొని మరీ మెషీన్ మీద చెక్కించుకుంటారు. ఇది నిజం. అయితే ఈ నిజం నోటి నుంచి నోటికి మారుతూ మారుతూ "ట్రాక్‌కి పాత టైర్లే మంచివి" అని తయారైంది. అరిగిన టైరు వేరు, ముసలి టైరు వేరండీ బాబూ! ఆరు నెలల్లో అరిగిన టైరులో రబ్బరు ఇంకా రబ్బరే. పదేళ్ళు గరాజ్‌లో కూర్చున్న టైరులో ట్రెడ్డు ఉంది, రబ్బరు లేదు.

రబ్బరు లేకపోవడమేంటి అంటారా? మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టు చూడండి. కొత్తలో మెత్తగా సాగుతుంది. రెండేళ్ళయ్యాక గట్టిపడి, విజిల్ రాకుండా పక్కనుంచి ఆవిరి కొడుతుంది. అప్పుడు మీ ఆవిడ గానీ మా ఆవిడ గానీ స్కేలు తెచ్చి దాని మందం కొలిచి "ఇంకా నిండుగానే ఉంది, వాడుకోవచ్చు" అంటారా? వేలితో వంచి చూసి చెత్తబుట్టలో పారేస్తారు. కుక్కర్ విషయంలో ఉన్న ఇంగితం కారు విషయంలో ఎందుకు లేదో నాకర్థం కాదు.

రెండిట్లో జరిగేది దాదాపు ఒకటే. పచ్చి రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే దాని పొడవాటి గొలుసుల మధ్య ముళ్ళు పడతాయి. అదే వల్కనైజేషన్. ఆ ముళ్ళు సరిగ్గా సరిపడా ఉంటేనే టైరు సాగుతుంది, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక కూడా ఆ కథ ఆగదు. గాల్లో ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి ఏళ్ళ తరబడి కొత్త ముళ్ళు వేస్తూ, కొన్ని పాతవి తెంపుతూ ఉంటాయి. మెత్తదనం కోసం కలిపిన నూనెలు మెల్లగా బయటికి పోతాయి. ఓజోన్ నుంచి కాపాడటానికి టైరులో ఒక రకం మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటేనే ఆ మైనం పైకొచ్చి పొరలా పరుచుకుంటుంది. కదలకుండా పడున్న టైరుకి ఆ రక్షణ కూడా సరిగ్గా అందదు. "వారానికోసారే తీస్తాను, అందుకే టైర్లు కొత్తగా ఉన్నాయి" అనేవాళ్ళు ఇది గమనించాలి.

గట్టిపడితే ఏమవుతుంది? టైరు రోడ్డుని పట్టుకునేది రోడ్డు గరుకులోకి దూరి, చిన్న చిన్న రాళ్ళ చుట్టూ ఒదిగి. రాయి లాంటి రబ్బరు ఒదగదు, పైపైన జారుతుంది. ఇది మొదటి నష్టం, అందరికీ తెలిసిందే. మావాడు కూడా "గ్రిప్పు కొంచెం తక్కువుంటుంది, అంతే కదా" అన్నాడు.

ఆ "కొంచెం" ఎంతో ఒక లెక్క వేద్దాం, మనం ఇంజనీర్లమే కదా. పాత టైరు పట్టు 20 శాతం తగ్గిందనుకుందాం. ఇది నేను కొలిచింది కాదు, ఉదాహరణకి తీసుకున్న అంకె. స్ట్రెయిట్‌లో గంటకి 100 మైళ్ళతో వస్తున్నారు, ముందు మలుపు కొత్త టైర్లతో 50 మైళ్ళకి తిరుగుతుంది. కొత్త టైరు రోడ్డుని గురుత్వాకర్షణంత బలంతో పట్టుకుంటుందనుకుంటే 100 నుంచి 50కి రావడానికి సుమారు 250 అడుగులు కావాలి. పాత టైర్లతో సరిగ్గా అదే చోట బ్రేక్ తొక్కారనుకోండి. వేగం వర్గంతో లెక్క కాబట్టి 10000లోంచి 7500కి బదులు 6000 మాత్రమే తగ్గుతుంది. మిగిలింది 4000, అంటే మలుపు దగ్గర మీ వేగం 63 మైళ్ళు. పోనీ 63తో తిప్పేద్దామా అంటే, అదే పాత టైర్లతో ఆ మలుపు 50కి కూడా తిరగదు. 2500లో 80 శాతం 2000, అంటే 44 చిల్లర. 4000 పట్టుకొచ్చారు, మలుపు తీసుకోగలిగింది 2000. సరిగ్గా రెట్టింపు శక్తి! 20 శాతం తగ్గిన పట్టు బ్రేకు దగ్గర ఒకసారి, మలుపులో ఇంకోసారి, రెండుసార్లు కాటేసింది. ఆ మిగతా సగం శక్తి ఎక్కడికి పోతుంది? గడ్డిలోకి, మట్టిలోకి, అదృష్టం బాగోకపోతే గోడలోకి.

"అయితే ముందే బ్రేక్ వేస్తా!" అంటారు. వెయ్యచ్చు, ఆ 20 అనే అంకె మీకు తెలిస్తే. ఆ అంకె ఎవరు చెప్తారు? నాలుగు టైర్లూ ఒకేలా ముసలివి అవ్వవు. ఎండ పడ్డ వైపు వేరు, నీడనున్న వైపు వేరు. క్రెయిగ్స్‌లిస్ట్ వాడు రెండు 2014వీ రెండు 2016వీ కలిపి ఇచ్చినా మనం చూసుకోం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకలా, మధ్యాహ్నం విల్లోస్ ఎండకి ట్రాక్ కాలిపోతున్నప్పుడు ఇంకోలా. డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెట్టినట్టు ఉంటుంది. చాలాసార్లు నడుస్తుంది కూడా, అదే దాని ప్రమాదం.

గ్రిప్పు తగ్గడం కంటి ముందు జరిగేది. నన్ను భయపెట్టేది లోపల కనపడనిది. టైరు లోపల ఉక్కు తీగల బెల్టులు రెండుంటాయి, వాటి మధ్య పల్చటి రబ్బరు పొర. గాలి లోపల్నుంచి ఒత్తిడితో నింపుతాం కాబట్టి ఆక్సిజన్ లోపల్నుంచి కూడా ఆ పొరలోకి మెల్లగా ఇంకుతూనే ఉంటుంది. ఆ పొర పెళుసెక్కితే బెల్టుల అంచుల దగ్గర సన్నటి పగులు మొదలవుతుంది. వేడి, వేగం, బరువు మూడూ కలిసినప్పుడు అది పెరిగి ట్రెడ్డు మొత్తం ఊడొస్తుంది. 2000లో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచిన గొడవ, అప్పుడే అమెరికాలో దిగిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అక్కడ మూల కారణాలు వేరే గానీ, ఊడింది మాత్రం ఇలాగే. ఇప్పుడు చెప్పండి, వేడి, వేగం, బరువు మూడూ ఒకే చోట కావాలంటే ట్రాక్‌ని మించిన చోటేది? రోడ్డు మీద 70తో పోయే టైరుని పట్టుకెళ్ళి 120తో తోలి, వెంటనే బ్రేకు కొట్టి, మూల మీద మొత్తం బరువు మోపుతాం. "రోడ్డు మీద వెయ్యను, ట్రాక్‌కే" అనడం, "ఆ ముసలాయన్ని నడవనివ్వను, పరుగుపందానికి మాత్రం పంపిస్తా" అన్నట్టుంది.

వయసుతో టైరు చెడుతుందనడానికి సాక్ష్యం కావాలా? ఇక్కడి రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టిఎస్ఎ 2007లో కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ లెక్క ఉంది. ఆ కంపెనీ పాలసీదారుల్లో 27 శాతం మంది టెక్సాస్, కాలిఫోర్నియా, లూజియానా, ఫ్లోరిడా, ఆరిజోనాల్లో ఉంటే, టైర్ల క్లెయిముల్లో 77 శాతం ఆ అయిదు వేడి రాష్ట్రాల నుంచే. ఆ క్లెయిముల్లో 84 శాతం ఆరేళ్ళు దాటిన టైర్లవి. మనం ఉంటున్న రాష్ట్రం ఆ జాబితాలో ఉందని గమనించారా?

ఇంగ్లండులో 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి తిరిగొస్తున్న కోచ్ బస్సు ముందు టైరు పేలి చెట్టుని గుద్దుకుంది. ముగ్గురు పోయారు. ఆ టైరు వయసు పంతొమ్మిదేళ్ళ పైచిలుకు. ఆ బస్సు కన్నా టైరే పెద్దది! ట్రెడ్డు మాత్రం చట్టం ప్రకారం భేషుగ్గా ఉంది. పోయిన కుర్రాళ్ళలో ఒకరి తల్లి ఏళ్ళ తరబడి పోరాడితే, 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు ఇరుసుకి పదేళ్ళు దాటిన టైర్లు వాడకూడదని చట్టం వచ్చింది. మావాడు కొన్న టైర్లు ఆ దేశంలో బస్సు ముందు చక్రానికి పనికిరాని వయసువి.

(2013లో పాల్ వాకర్ పోయిన కారు టైర్లకీ తొమ్మిదేళ్ళ వయసని ఈ చర్చల్లో ఎవరో ఒకరు తెస్తారు. నిజమే, కానీ దర్యాప్తు చేసినవాళ్ళు కారణం మితిమీరిన వేగమనే తేల్చారు. అది నా వాదనకి సాక్ష్యంగా వాడుకోను.)

ఇంత ఉక్రోషం నాకెందుకంటే, నేనూ ఈ వెధవ పని చేశాను గనక. కొన్నేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో మియాటా కొన్నా. దాంతో వచ్చిన టైర్లకి ఎనిమిదేళ్ళు, ట్రెడ్డు మాత్రం నిగనిగలాడుతోంది. నా మూడో ట్రాక్ డే. ఏ ట్రాకో, ఎవరు నడిపారో చెప్పను, తప్పు నాది. నేను నింపిన ఫారంలో ట్రెడ్డు ఉందా, బ్రేక్ ఆయిల్ మార్చావా, బ్యాటరీ బిగించావా అని అన్నీ అడిగారు. టైరు వయసు అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దున రెండు సెషన్లు హాయిగా అయ్యాయి. భోజనం తర్వాత వేగంగా తిరిగే ఎడమ మలుపులో కొంచెం ఎక్కువొచ్చానని భయమేసి యాక్సిలరేటర్ వదిలేశా. వెనక భాగం ఏ సూచనా లేకుండా చటుక్కున బయటికొచ్చేసింది. ఒకటిన్నర చుట్లు తిరిగి, వెనక్కి వెనక్కి మట్టిలోకి పోయి, అడ్డుగా పేర్చిన టైర్ల గోడకి కారంత దూరంలో ఆగాం.

*ఆగాం* అన్నా, చూశారా. పక్క సీట్లో అరవై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. ఆయనకి ఆ రోజు జీతం లేదు. చాలా క్లబ్బుల్లో ఇన్‌స్ట్రక్టర్లు ఊరికే వస్తారు, బదులుగా వాళ్ళకి కాసేపు ట్రాక్ దొరుకుతుందంతే. ఎవడో ముక్కూ మొహం తెలియని కుర్రాడి కార్లో, బ్రేకు తన కాలి కింద లేని సీట్లో కూర్చుంటారు. దుమ్ము తగ్గాక ఆయన నెమ్మదిగా దిగి, వెనక టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. దిగలేదు. "ఎన్నేళ్ళయింది వీటికి?" అని అడిగాడు. "ట్రెడ్డు బాగానే ఉంది" అన్నా. ఆయన నన్ను తిట్టలేదు. నాతో ఆ రోజు మళ్ళీ కార్లో మాత్రం కూర్చోలేదు.

మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలకూడదు, నిజమే, నా డ్రైవింగ్ తప్పే. అయితే నేర్చుకునేవాడు చేసేదే ఆ తప్పు. అలాంటి తప్పుని కాస్త కాచుకునే టైరు కావాల్సింది కొత్తవాడికే. తరహా తెలిసిన చెయ్యి గట్టి టైర్లతో కూడా నెట్టుకొస్తుంది. మనవాళ్ళు తిరగేసి చెప్తారు: "ముందు పాత టైర్లతో నేర్చుకో, వచ్చాక మంచివి కొనుక్కో" అని.

ఇక్కడే ఆ పేరుమోసిన వాదన ఒకటుంది. తక్కువ పట్టున్న టైర్లతో తక్కువ వేగంలోనే కారు జారుతుంది, అలా అయితే కంట్రోల్ బాగా వస్తుంది అని. ఇందులో పస ఉంది. టొయోటా 86, సుబారు బీఆర్‌జడ్ 2012లో వచ్చినప్పుడు మిషెలిన్ ప్రైమసీ అనే మామూలు టైర్లు వేసి అమ్మారు, కారు సరదాగా కదలాలని. కానీ అవి *కొత్త* టైర్లు! పట్టు తక్కువ, ఆ తక్కువ ఎంతో ప్రతిసారీ ఒకటే, వదిలేముందు అరిచి చెప్తాయి. తక్కువ పట్టు కావాలంటే మామూలు ఆల్ సీజన్ టైర్లు కొత్తవి వేసుకోండి, ఖరీదూ తక్కువే, నెమ్మదిగా వెళ్ళండి, ఎవరూ నవ్వరు. లేదా నీళ్ళు పోసిన ఖాళీ స్థలంలో, కోన్లు పెట్టి, ఒక్కొక్క కారూ వెళ్ళేచోట 30 మైళ్ళతో పాత టైర్లు జార్చుకోండి, దానికి నేను అడ్డు చెప్పను. వెనక ముందు ఇంకో ఇరవై కార్లు తిరుగుతున్న ట్రాక్ మీద కాదు.

కొందరు మెత్తబరిచే రసాయనం రాస్తారు. అది పైపొరకి మాత్రమే. లోపల బెల్టుల మధ్య పొరకి అది అందదు. పైన మెత్తబడి పట్టు పెరిగితే లోపలి పొర మీద లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. ముడతలకి క్రీము రాసుకుంటే గుండె కుర్రదవుతుందా?

ఇహ డబ్బులు. ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ట్రాక్ డే ఫీజు మూడొందల డాలర్లు అటూ ఇటూ, బ్రేక్ ప్యాడ్లు, ఆయిలు, పెట్రోలు, ముందురోజు రాత్రి మోటెల్. మన మామూలు కారు ఇన్సూరెన్సులు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు, అది కావాలంటే విడిగా కొనాలి. ఇంత పెట్టి, ముప్ఫైవేల డాలర్ల కారు తీసుకెళ్ళి, చివరికి ఎనిమిదొందల టైర్ల దగ్గర పొదుపు! ఒక క్వార్టర్ ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయితే ఏ ఫోను కొందామా అని చూసేవాడు టైర్ల దగ్గర ఒక్కసారిగా మా తాతయ్య అయిపోతాడు. అయినా మా తాతయ్యని అనకూడదులెండి, ఆయన సైకిల్ టైరు రెండేళ్ళకోసారి మార్చేవాడు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు "మాకేంటి, మేం ట్రాకులకెళ్ళం" అనుకోకండి. ఇది రాస్తూ మియాపూర్‌లో మా బావకి ఫోన్ చేసి చూడమన్నా. 2016లో కొన్న కారు, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని సెల్లార్‌లో పడి ఉండి ముప్ఫై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. టైర్లు కంపెనీతో వచ్చినవే, "ఇంకా కొత్తగా ఉన్నాయి బావా" అన్నాడు గర్వంగా. మే నెల ఎండల్లో 42 డిగ్రీలు చూసిన టైర్లవి. ఆదివారం పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు మీద 140 కొట్టి వస్తాడని మా అక్కయ్య చెప్పింది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకి మార్చమంటాయి. ఎంత ఉదారంగా చూసినా పదేళ్ళు దాటితే ట్రెడ్డుతో పనిలేకుండా తీసెయ్యమని టైర్ల కంపెనీలే అంటాయి. స్పేర్ టైరుతో సహా.

మావాడితో గంటసేపు వాదించా. ఫిజిక్స్‌కి కరగలేదు, ఇంగ్లండు బస్సుకి కరగలేదు. "నీ పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పు, ఈ టైర్లకి పదేళ్ళు దాటాయని. ఆయన సరే కూర్చుంటానంటే వెళ్ళు" అన్నా. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. రాత్రి మెసేజ్ పెట్టాడు, కొత్తవి ఆర్డర్ చేశానని, గురువారం వేయిస్తున్నానని. సంతోషం. దాని కిందే ఇంకో మెసేజ్: "ఆ పాతవి మళ్ళీ క్రెయిగ్స్‌లిస్ట్‌లో రెండొందలకి పెట్టేస్తా అన్నా, యాభయ్యే కదా నష్టం."

వద్దు, షాపువాడికి ఒక్కోదానికి నాలుగైదు డాలర్లిస్తే వాడే పారేస్తాడు, రిమ్ములు మాత్రం ఉంచుకో అని రాశా. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబింకా రాలేదు.